రాజకుమారి గేటు దాటింది

ఈ రోజు శుక్రవారం, ఇక్కడ గల్ఫ్‌లో సెలవు కదా, మా దార్సైట్ ఫ్లాట్‌లో పొద్దుటి నుంచీ టీవీ ముందు మా పాపదే రాజ్యం. దాని వీడియో గేమ్‌కి వాళ్ల నాన్న రూవీ బజారు నుంచి కొత్త క్యాసెట్ తెచ్చారు. పాత ఆటలో రాజకుమారి కోటలో ఏడుస్తూ కూర్చుంటే హీరో వెళ్లి విడిపించేవాడు. కొత్త దాంట్లో రాజకుమారే కత్తి పట్టుకుని గోడలు దూకుతుంది. నాకు భలే నచ్చింది.

సాయంత్రం ఓబులమ్మ వచ్చింది. కడప మనిషి, పై ఫ్లాట్‌లో ఇంటిపని చేస్తుంది. శుక్రవారం ఓ గంట మా ఇంట్లో కూర్చుంటుంది.

"ఆంటీ, చూడు! ఇప్పుడు ఎవరూ రానక్కర్లేదు. తనే బయటికి వచ్చేస్తుంది," అంది పాప.

ఓబులమ్మ టీవీ వంక చాలాసేపు చూసింది. "గేటు దాటింది సరే పాపా. పాస్‌పోర్టు ఎవురిచ్చినారు ఆయమ్మకి?"

పాప పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అంతలోనే ఆగిపోయింది. ఓబులమ్మ పాస్‌పోర్టు పై ఫ్లాట్ ఆయన బీరువాలో ఉంది. పోయిన నెల వాళ్లమ్మ చనిపోయిందని ఫోనొస్తే, పై ఫ్లాట్ వాళ్లు తమ పిల్లల పరీక్షలయ్యాక ఊరికి పంపుతామన్నారు. ఆ పరీక్షలు అయిపోయాయి కూడా.

"పాతదే పెట్టు పాపా," అంది ఓబులమ్మ. "దాంట్లో ఆ పిల్ల కోసరం ఒకడన్నా వస్తాడు."

పాప పాత క్యాసెట్ దుమ్ము ఊది పెట్టింది. మీరైతే ఆవిడకి ఏం చెప్పేవారో చెప్పండి. నేనైతే టీ పెట్టే వంకతో వంటింట్లోకి పోయాను.