అత్త చేతి సదాపాకు

మా మేనత్త ఎవరి గురించి ఏమనుకున్నా నోటితో చెప్పదు. ఓ ఆకు రెమ్మ తుంచి చేతిలో పెడుతుంది. ఆమెలో వింత ఇదొక్కటే. కానీ ఊరంతటికీ చెమటలు పట్టించడానికి ఇదొక్కటే చాలు.

అత్త ఉద్యోగమంతా టెలిఫోను ఎక్స్ఛేంజిలో గడిచింది. ఊరి మాటలన్నీ ఆ చెవుల్లోంచే వెళ్ళేవి. రిటైరయ్యేసరికి ఆమెకు మాటంటేనే రోత పుట్టింది. మూడో అంతస్తు బాల్కనీలో పగిలిన బకెట్లూ ఖాళీ రంగుడబ్బాలూ పేర్చి మొక్కలు పెంచడం మొదలుపెట్టింది. పూర్వం క్రైస్తవ పెద్దలు ఒక్కో మొక్కకూ ఒక్కో అర్థం చెప్పుకునేవారట. హిస్సోపు అంటే పాపం కడుక్కోవడం. రోజ్‌మేరీ అంటే జ్ఞాపకం. మరియమ్మ తల్లి తన నీలం దుప్పటి ఆ పొదమీద ఆరేస్తే పూలన్నీ నీలమయ్యాయట. మాచిపత్రి అంటే మనసులోని చేదు. ఆవగింజ అంటే విశ్వాసం. ఇక సదాపాకు అంటే పశ్చాత్తాపం. దాని ఘాటు అత్త ఇంటి మెట్లమీదే తగిలేది.

ఆదివారం ప్రార్థనకు ముందు అత్త బుట్ట పట్టుకుని చర్చి గుమ్మంలో నిలబడేది. దేవుడి తీర్పు ఎప్పుడో గానీ, అత్త తీర్పు మాత్రం గంట కొట్టకముందే వచ్చేసేది.

ఒకసారి ఫాదరుగారికే హిస్సోపు ఇచ్చింది.

"నాలో ఏం మరక కనబడిందమ్మా?" అన్నాడాయన బిక్కమొహం వేసుకుని.

అత్త బుట్టలో తర్వాతి రెమ్మ వెతుక్కుంది. ఆయన ఆ సాయంత్రమే అంగీలన్నీ ఉతికించాడు, గది కడిగించాడు, అనుమానం తీరక పిల్లికి కూడా స్నానం చేయించాడు. పిల్లి ఆ దెబ్బతో చర్చికి రావడం మానేసింది.

పాటల బృందానికి పెద్ద అయిన టీచరమ్మకు మాచిపత్రి ఇస్తే, చేదు గొంతులోనో మనసులోనో తేలక ఆవిడ వారమంతా బెల్లం చప్పరించింది. అలిగి మాట్లాడుకోని ఇరుగుపొరుగు ఆడవాళ్ళిద్దరికి రోజ్‌మేరీ పంచింది. పాత స్నేహం గుర్తొస్తుందని కాబోలు. గుర్తొచ్చింది కూడా: ఎవరి కుక్కరు ఎవరింట్లో ఉండిపోయిందో, దాని విజిలు ఎవరు పోగొట్టారో. ఆ పోట్లాట మూడు వీధులు వింది. నాలుగో వీధివాళ్ళకు నేను చెప్పాను.

నేను పదో తరగతిలో చదువు వదిలేసినప్పుడు (చదువే నన్ను వదిలేసిందని గిట్టనివాళ్ళ ప్రచారం) నా అరచేతిలో ఒక్క ఆవగింజ పెట్టింది.

"నామీద ఇంత నమ్మకమా అత్తా!" అని పొంగిపోయాను.

"అంతే," అంది.

అలాంటి అత్త మీదికి మా అక్క నన్ను ఉసిగొల్పింది. నా మిక్సీల రిపేరు కొట్టుకి శనివారం పొద్దున్నే పరిగెత్తుకొచ్చి, "రేపు మీ బావ చర్చికొస్తానన్నాడ్రా," అంది. మొహంలో సంతోషం ఆవగింజంత, భయం గుమ్మడికాయంత.

మా బావ లారీ డ్రైవరు. కిందటేడు తాగొచ్చి, ఫాదరుగారి ప్రసంగం మధ్యలో లేచి, "బ్రేకెయ్యండి ఫాదర్, దిగాలి!" అని అరిచి, పూలస్టాండుతో సహా బోర్లాపడ్డాడు. ఆ మర్నాటినుంచి చుక్క ముట్టలేదు. కానీ సిగ్గుతో చర్చి ఉన్న వీధిలోకి లారీని కూడా రానివ్వడు.

"గుమ్మంలో అందరూ చూస్తుండగా అత్త సదాపాకు పెట్టిందనుకో, అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతాడు. ఇంటికి రాడు, నేరుగా సీసా దగ్గరికే పోతాడు. నువ్వే ఎలాగైనా ఆపాలి."

"ఓస్, ఇంతేనా? కదిలే గూడ్సు బండిని ఈలేసి ఆపినోణ్ణి. అత్తెంత?"

"ఆ గూడ్సు స్టేషన్లో ఆగే ఉందటగా!"

"అది నన్ను చూసే ఆగిందే అక్కా."

ఆదివారం తెల్లారగానే అత్త ఇంటికి వెళ్ళాను. ఆమె బుట్టమీద తడిగుడ్డ కప్పుతోంది.

"అత్తా, ఇవాళ బావ వస్తున్నాడు."

"తెలుసు."

"పాపం, మనిషి చాలా మారాడు. కాస్త చూసి..."

అత్త తడిగుడ్డ అంచులు బిగించింది. బాల్కనీలోకి తొంగిచూశాను. సదాపాకు బకెట్ దగ్గర నా చూపు ఆగిపోయింది. మొక్కకి ఒక్క ఆకు లేదు! మొదలంటా కోసేసింది. ఒక్క మనిషికి ఇంత పశ్చాత్తాపమా? రెమ్మ కాదు, మోపు ఎత్తుతుందన్నమాట!

"బుట్ట బరువుగా ఉంది, నేను పట్టుకుంటానివ్వు," అన్నాను. దారిలో మురిక్కాలవలో జారిపడాలని నా పథకం.

"చెయ్యి తియ్."

తీశాను. గూడ్సు బండే నయం.

చర్చి గుమ్మం దగ్గర అత్త పక్కనే నిలబడ్డాను. బావ వస్తున్నాడన్న వార్త పొక్కినట్టుంది, జనం పండగకొచ్చినట్టు వచ్చారు. మొదట ఫాదరుగారు వచ్చాడు. అత్త గుడ్డ తీసి రెమ్మ పెట్టింది. సదాపాకు! ఆయన దాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళాడు. టీచరమ్మకి సదాపాకు. కుక్కరావిడకి సదాపాకు, విజిలావిడకి సదాపాకు. కమిటీ పెద్దకి, గంట కొట్టేవాడికి, ఏ పాపమూ చేసే ఓపికలేని ముసలి కంపౌండరుకి కూడా అదే. నాకు రెండు పెట్టింది.

"రెండెందుకే?"

"గూడ్సు బండికొకటి."

చర్చంతా ఆ ఘాటుతో నిండిపోయింది. ఎవరి రెమ్మ వాళ్ళు దాచుకోవడంలో పడి, పక్కవాణ్ణి చూసే తీరిక ఒక్కరికీ లేదు.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. బావ దిగాడు. ఇస్త్రీ చొక్కా, చెమట. సగం దారిలో కాళ్ళు మొరాయించాయి. అక్క వెనకనుంచి, "పదండి," అంటోంది గానీ తను మాత్రం గేటు వదలడంలేదు. బావ వచ్చి, కోర్టులో నిలబడ్డట్టు తల దించుకుని చెయ్యి చాపాడు.

అత్త బుట్టలో అడుగుదాకా వెతికింది. పైకి కిందికి తిప్పింది. దులిపింది కూడా.

"సదాపాకు అయిపోయింది నాయనా," అంది. "మొక్క చిన్నది, అవసరమున్నవాళ్ళు ఎక్కువ. ఇదొక్కటే మిగిలింది."

చేతిలో పుదీనా రెమ్మ పెట్టింది. బావ ఎటూ తోచక దాన్ని వాసన చూశాడు.

"దీనికేంటండీ అర్థం?"

"మరియమ్మ తల్లి ఆకంటారు. ఇంటికొచ్చిన పిల్లలకి ఇస్తాను. ఎండ తగలనీకు, నీళ్ళలో పెట్టుకో. వేరేస్తుంది."

అత్త నోటినుంచి అన్ని మాటలు ఒకేసారి రావడం నేనైతే ఎన్నడూ వినలేదు. బావ తలెత్తి లోపలికి చూశాడు. పీఠం దగ్గర ఫాదరుగారి చేతిలో, వరసల్లో అందరి చేతుల్లో సదాప రెమ్మలు.

అంత పెద్ద లారీ డ్రైవరూ హడలిపోయి, ఫాదరుగారి దగ్గరికి వెళ్ళి మెల్లిగా అడిగాడు: "ఇంతమంది కలిసి ఏం చేశారు ఫాదర్?"

ఫాదరుగారు తన రెమ్మ చూసుకుని నిట్టూర్చాడు.

"చెప్పుకుంటే చాలా ఉంది నాయనా. ముందు నువ్వు కూర్చో."

టీచరమ్మ బెంచీమీద పక్కకి జరిగింది.