పచ్చగా పొగలు కక్కిన సీసా

ఒక్క గుక్క నా దర్శకత్వాన్ని మింగేసింది. తాగింది నేను కాదు. ఫిల్మ్ నగర్‌లో ఏ ఆఫీసు మెట్లెక్కినా "వీడియో గేమ్ ఆడటం రాక సినిమా పోగొట్టుకున్నాడట" అంటున్నారు. పచ్చి అబద్ధం. జరిగింది చెబుతాను, తీర్పు మీరే ఇవ్వండి.

కో-డైరెక్టర్‌గానే తల నెరిసిన నన్ను జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత గారు ఇంటికి పిలిచారు. "నీ కథ నచ్చిందయ్యా. ఇవాళే సంతకాలు చేసేద్దాం" అన్నారు. గోడంత టీవీలో ఆయన ఆడుతున్న గేమ్. కత్తి పట్టిన వీరుడు, ఎదురుగా డ్రాగన్. అంతలో ఫోన్ మోగింది.

"హీరో గారు. ఇప్పుడే వస్తా" అంటూ ఆట ఆపి, కంట్రోలర్ నా చేతిలో పెట్టారు. "ఆటలో మనవాడు కొన ఊపిరితో ఉన్నాడు. ఈలోగా సంచిలో మూలికలతో మందు కాచి తాగించు. ఒక్క సీసాకే సరిపోతాయి. నెలల తరబడి ఏరాను. ఇందులో చచ్చామంటే మళ్ళీ మొదటి నుంచే."

సంచి తెరిస్తే, ఏ మందు కాచాలో ఎంచుకోమని తెర మీద రెండు సీసాలు. ఒకటి పచ్చగా బుడగలు తేలుతూ పొగలు కక్కుతోంది. రెండోది తెల్లగా, చంటిపిల్ల పాలసీసాలా అమాయకంగా ఉంది. కింద ఏదో పేరా రాసి ఉంది. చదవాల్సిందంటారా? మా ఫీల్డులో కోట్లు పెట్టే సినిమాకే కథ చదవరు, చెప్పించుకుంటారు. సీసాకి చదువుతామా?

పచ్చగా పొగలు కక్కేది విషం. మాంత్రికుడి గుహ సెట్లలో ఆ పొగ పుట్టించి పుట్టించి నా ఊపిరితిత్తులు సగమయ్యాయి. నాకు చెబుతారా?

తెల్లది కాచి తాగించాను. వీరుడు ఆవులించాడు. కత్తి పక్కన పెట్టి, చెయ్యి తల కింద పెట్టుకుని, డ్రాగన్ ముక్కు కిందే పడుకున్నాడు. డ్రాగన్ కూడా కాసేపు మొహమాటపడింది. తర్వాత మింగేసింది.

నిర్మాత గారు తిరిగొచ్చి తెర వంక చూశారు.

"ఏం తాగించావయ్యా?"

"తెల్లదండి. పచ్చది విషం కదండీ."

"పచ్చది గాయాలు మాన్పేది. తెల్లది నిద్రమందు."

ఆయన కష్టమంతా పోయిందే అని నా మనసు చివుక్కుమంది. నోరు మాత్రం ఊరుకోలేదు. "తెల్లదాంట్లో నిద్రమందు పెట్టినవాడెవడండీ? వాడు జన్మలో సినిమా చూశాడా?"

సోఫాలో ఉన్న మేనేజర్ యాదగిరి గొణిగాడు. "అన్నా, జర ఊకో. సారు మొకం జూడు."

నిర్మాత గారు చాలా నెమ్మదిగా అడిగారు. "నువ్వు శోభనం సీన్లు ఎన్ని తీయించావు?"

"లెక్కలేదండి."

"వాటిల్లో వ్యాంపు మత్తుమందు దేంట్లో కలుపుతుంది?"

"పాలల్లోనండి."

"పాలేం రంగు?"

యాదగిరి లేచి నాకు తలుపు తీశాడు.

కాబట్టి చిత్రసీమకు విన్నవించేదేమంటే, ఇకపై నా చేత్తో ఎవరికీ ఏదీ కలిపి ఇవ్వను. ఎండలో హీరో సొమ్మసిల్లి పడిపోయినా సరే, గ్లూకోజు ఇంకెవరినైనా కలపమనండి.