జూలో బాతులు, బోనులో నేను

“నీ కన్ను పడితే పచ్చిచేప నిలువునా ఎండిపోద్దక్కా!”

“నీ మొహం చూస్తే ఎండుచేప లేచి ఈదుకుంటా పోద్దే!”

నాకూ మా తోడికోడలు ధనానికీ మధ్య జరిగిన ఆఖరి మాటలివి. మొదటిది దానిది, రెండోది నాది. సూర్యలంక నుంచి బాపట్ల వస్తున్న ఆటోలో అనుకున్నాం. ఆటో నడిపే అబ్బాయి అద్దంలో మా మొహాలు చూసి భయపడి, మోగుతున్న పాట కూడా ఆపేశాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంత ఘోరం ఏం జరిగిందో చెబుతాను వినండి. విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, నాకు అలవాటే.

చెప్పేది నేను, రాసేది జ్యోతి. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించితే అక్షరాలు నన్ను చూసి పీతల్లాగా అడ్డంగా పరిగెడతాయి. జ్యోతి ఎవరంటారా? ఆ ధనం కన్నకూతురే. రేపల్లె కోడలు. పుట్టింటికి వచ్చింది. పగవాళ్ళ పిల్ల చేత రాయించుకుంటున్నావేంటని అడక్కండి. మా వంశం మొత్తంలో గీత మీద నిలబడేలా రాసేది ఇదొక్కతే. జ్యోతీ, మీ అమ్మ గురించి నేనేమంటే అది రాయాలి. ఒక్క మాట తగ్గించినా నాకు తెలిసిపోతుంది, నీ మొహంలో కనపడుతుంది.

ముందు నా రోగం సంగతి. షుగరు కాదు, బీపీ కాదు. కుళ్ళు. చేప కుళ్ళితే మొప్ప ఎత్తి చూడాలి. మనిషి కుళ్ళితే అంత కష్టం లేదు, నోరు తెరిస్తే చాలు. నేను కాపురానికొచ్చినప్పుడు మా అత్త, “పెద్దది పనిమంతురాలు” అంది. ధనం వచ్చినప్పుడు, “చిన్నది చందమామ” అంది. తేడా తెలిసిందా తల్లీ? బాపట్ల మార్కెట్లో ఇద్దరం పక్కపక్కనే తట్టలు పెట్టుకుంటాం. ఒకే పడవలో దిగిన చేపలు, ఒకే ఐసు. అయినా జనం దాని తట్ట దగ్గరే వంగుతారు. నా ఇంటాయన నన్ను వదిలి పైకి పోయాడు. దాని మొగుడు పొద్దున్నే టీ కాచి దాని చేతికిస్తాడు. అది ఆ టీని నాకు చప్పుడు వినపడేలా తాగుతుంది.

ఇదిలా ఉండగా ఒకరోజు మార్కెట్లోకి టోపీ పెట్టుకున్న సినిమా కుర్రాడొకడు వచ్చాడు.

“అమ్మా, సూర్యలంక దగ్గర సరుగుడు తోటలో జూ సెట్టు వేశామండి. జంతువులంటే భయం లేని ఆడవాళ్ళు ఇద్దరు కావాలి. ఒక్కరోజు పని.”

“బాబూ, ఈ మార్కెట్లో బేరమాడే మనుషులకే భయపడం, జంతువులకా?” అన్నాను.

“మా అక్క అన్నదంటే అన్నట్టేనండి, నేనూ వస్తా” అని ధనం వెనకనుంచి తగులుకుంది. దాన్నెవరు పిలిచారు? చెప్పండి, ఎవరు పిలిచారు?

ఆ రోజు నేను సూర్యలంక ఒడ్డున పొద్దున పడిన చిన్న రొయ్యలు ఒక తట్టెడు పట్టుకుని జూకి చేరాను. ఏం జూ అది! జిరాఫీ థర్మోకోలు. మొసలి రబ్బరు. జింకల్లో ఒకదానికి చెవి ఊడితే ఎవరో బంకతో అతికిస్తున్నారు. పెద్ద ఇనప బోను ఒకటి మాత్రం ఖాళీగా, తలుపు తీసి ఉంది.

“ఇందులో ఎవరుంటారు బాబూ?”

“పులి అమ్మా.”

“ఏదీ?”

“పులి తర్వాత వస్తుంది.”

లారీలో వస్తుంది కాబోలనుకున్నాను. పెద్దవాళ్ళు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు.

ఆ జూ మొత్తంలో ప్రాణమున్నవి బాతులొక్కటే. పిట్టలవానిపాలెం వైపు కోతలయ్యాక పొలాల్లో బాతుల మందని తిప్పి మేపుతారు చూశారా, ఆ మందని తెచ్చి సెట్టులో తవ్విన చెరువులో వదిలారు. సినిమాలో అవి ఏదో దేశం బాతులట. నిన్నటిదాకా మన వరిమళ్ళలో నత్తలేరుకున్న బాతులు రాత్రికి రాత్రి విదేశీయులైపోయాయి!

మా పని వాటికి తవుడు వేసి, చెదిరిపోకుండా చూడటం. ఇక్కడే నా చేతి అలవాటు బయటపడింది. చేపలమ్మేవాళ్ళకి ఒక గుణం ఉంటుంది. ఎవరికి ఏం పెట్టినా పైన కొసరు వేయకపోతే చెయ్యి దురద పెడుతుంది. తవుడు వేశాక ప్రతి బాతుకీ రెండు రొయ్యలు కొసరు వేశాను. అంతే. రొయ్య రుచి మరిగిన బాతుని చూశారా మీరు? పెళ్ళివారింట్లో రెండోసారి వడ్డించిన మనిషిని ఎలా చూస్తారో, అలా చూస్తాయి. నేను ఎటు పోతే అటు. ధనం ఎంత “బ బ బా” అని పిలిచినా ఒక్కటి తిరిగి చూడలేదు. నా జన్మలో మొదటిసారి, దాని తట్ట వదిలి నా తట్ట దగ్గరికి వచ్చిన గిరాకీ అది!

ఆ సంతోషం టీ చల్లారేదాకా కూడా ఉండలేదు. డైరెక్టరు సారు మమ్మల్నిద్దర్నీ పరకాయించి చూసి, టోపీ కుర్రాడి చెవిలో ఏదో చెప్పాడు. కుర్రాడు ధనం దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, మీరు జూలో పనిచేసే ఆవిడగా నిలబడాలి. చిన్నపిల్ల బోను దగ్గరికి వస్తే ‘పాపా, లోపలికి చెయ్యి పెట్టకు’ అనాలి. అంతే, ఒక్క ముక్క.”

నా గుండెలో ఎవరో చేప తోమినట్టయింది.

“బాబూ, బాతులు నా మాట వింటన్నాయి గదా, ఆ ముక్కేదో నేను అంటాలే” అన్నాను.

“ఆవిడకైతే బొట్టూ పూలూ ఉన్నాయి కదమ్మా. తెరమీద నిండుగా ఉంటుంది. మీరు కెమెరా వెనకాల ఉండి బాతుల్ని ఇటు తోలండి.”

వాడు చెడ్డవాడు కాదు, కడుపులో ఏమీ పెట్టుకుని అనలేదు. కానీ నా చెయ్యి తనంతట తనే నుదుటి మీదికి పోయింది. కాసేపు అక్కడే ఉండిపోయింది.

ధనం ఊరుకుందా? నా దగ్గరికొచ్చి, “అక్కా, నా జడ సరిగ్గా ఉందా చూడు. ‘పాపా, లోపలికి చెయ్యి పెట్టకూ’... బాగుందా? ‘పెట్టకు’ అని గట్టిగా అనాలా, మెత్తగా అనాలా?”

“మెత్తగా అను. చేపలమ్మినట్టు అంటే పులి పారిపోద్ది.”

“పో అక్కా, నీకన్నీ ఎకసెక్కాలే!”

ఆ క్షణంలో నాకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే అయింది. ఆ తెరమీద నేను ఒక్క రెప్పపాటు కనపడాలి. ధనం కనపడకపోతే మరీ మంచిది.

ఆలోచించాను. బాతులు ఎటు పోతే కెమెరా అటు తిరగాలి గదా. బాతులు నా చేతిలో ఉన్నాయి. అంటే కెమెరా కూడా నా చేతిలో ఉన్నట్టే! ఇంత తెలివి నాకు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అనుకుంటూ, మిగిలిన రొయ్యలన్నీ కొంగులో పోసి ఒడి కట్టుకున్నాను. ఎలుక తోకతో పిల్లిని కట్టొచ్చనుకున్న మనిషిని నేనే.

“యాక్షన్!” అన్నారు.

ధనం తవుడు చల్లింది. చల్లగా నవ్వింది. చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చింది. ఇటు కెమెరా వెనకాల నేను ఒడి ముడి కాస్త వదులు చేశాను, వాసన పోనిచ్చేటంత. ముడి వదులైంది గానీ, ‘కాస్త’ అన్న మాట అది వినలేదు. రొయ్యలు జలజలా కాళ్ళ మీద పడ్డాయి.

బాతులన్నీ ఒక్కసారి మెడలెత్తాయి.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు రెండు నోళ్ళు కావాలి. మందకి మంద ధనం కాళ్ళ మధ్యనుంచి, కెమెరా కింది నుంచి, టోపీ కుర్రాడి మీదుగా నా మీదికొచ్చింది. నేను పరుగు. పరిగెత్తుతుంటే ఒడిలోంచి రొయ్యలు దారి పొడుగునా విత్తనాల్లాగా రాలుతున్నాయి. రాలేకొద్దీ బాతులకి హుషారు.

“అమ్మా, ఆగండి! జిరాఫీ, జిరాఫీ!”

ఆగేది ఎలా? జిరాఫీ మెడ నా భుజానికి తగిలి చెరువులో పడింది. మొసలిని తొక్కాను, అది కీచుమంది. ఎదురుగా తలుపు తీసి ఉన్న బోను కనపడింది. లోపలికి దూరి దభాలున తలుపేశాను. పైన గడి దానంతటది పడిపోయింది. అమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగాను.

మూలన ఒక మనిషి పడుకుని ఉన్నాడు. తల నుంచి కాలి గోళ్ళ దాకా ఆకుపచ్చ. కళ్ళు లేవు, ముక్కు లేదు, మూతి లేదు. బీరకాయకి కాళ్ళూ చేతులూ వస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు. అది మెల్లగా లేచి కూర్చుంది.

నేను వేసిన కేక చీరాల దాకా వినపడి ఉంటుంది.

“భయపడకండమ్మా! నేను పులిని!” అంది ఆ బీరకాయ.

“పులివైతే పులిలాగా ఉండరా నాయనా! ఆకుపచ్చగా ఉంటావేంటి?”

“తర్వాత కంప్యూటర్లో చారలు పెడతారమ్మా. మీరు నా కాలు తొక్కుతున్నారు.”

బోను చుట్టూ బాతులు ముక్కులు లోపలికి పెట్టి, నా కాళ్ళ దగ్గరి రొయ్యలు లాక్కుంటున్నాయి. అప్పుడు చూశాను, కెమెరా కన్ను తిన్నగా నా వైపు తిరిగి ఉంది. డైరెక్టరు సారు గట్టిగా, “ఆపకండి! బాగుంది, బాగుంది! అలాగే తియ్యండి!” అంటున్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. గెలిచాను! కొంగు సర్దుకున్నాను, వెంట్రుకలు వెనక్కి తోసుకున్నాను, ఊచలు పట్టుకుని, ఆ పిల్లవైపు చూసి, మెత్తగా, “పాపా, లోపలికి చెయ్యి పెట్టకు” అన్నాను. పులి బోనులో నిలబడి అన్నాను. ధనం ఎక్కడుందో కూడా చూడలేదు.

తిరుగు ప్రయాణం ఆటోలో ధనం ఏడ్చింది. “నా ఒక్క ముక్క కూడా చెప్పనియ్యలేదు నువ్వు. జన్మకొక్కసారి వచ్చింది, అది గూడా ఓర్వలేకపోయావు” అంది. ఆ తర్వాత పచ్చిచేప, ఎండుచేప మాటలు. అవి మీకు తెలిసినవే.

నేనా? బాపట్ల మార్కెట్టంతా చెప్పుకున్నాను. “నన్ను పులి బోనులో నిలబెట్టి తీశారు, డైరెక్టరు బాగుంది బాగుంది అన్నాడు” అని. ప్రతి కిలో చేపకీ ఆ కథ కొసరు. సినిమా వచ్చేసరికి రేపల్లెలో జ్యోతి అత్తగారికి కబురు పెట్టాను. రేపల్లె వాళ్ళకీ మాకూ నడుమ తెనాలి. వాళ్ళు అటు నుంచి రైలెక్కారు, మేము ఇటు నుంచి రైలెక్కాం, తెనాలిలో కలిశాం. ధనం రానంది. జ్యోతి ఫోన్లో బతిమాలి రప్పించింది. హాల్లో ఇద్దరికీ మధ్య జ్యోతి.

“జ్యోతీ, మీ పెద్దమ్మని కాస్త మోచెయ్యి తియ్యమను.”

“జ్యోతీ, మోచెయ్యి నాది, కుర్చీ చెయ్యి హాలు వాళ్ళదని మీ అమ్మకి చెప్పు.”

జూ వచ్చింది. నేను కుర్చీ అంచుకి జరిగాను. బోను వచ్చింది. ఊచల వెనకాల చారల పులి ఒకటి బద్ధకంగా ఆవులించింది. నేను నిలబడిన చోటే! నేను లేను. నా కొంగు లేదు, నా మెత్తటి ముక్క లేదు. పులి, పులి, అంతా పులి.

మరుక్షణం తెర నిండా ధనం.

బోను ముందర కమ్మీని పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. దాని పూలూ బొట్టూ అన్నీ నవ్వుతున్నాయి. చిన్నపిల్ల దాన్ని చూసి నవ్వుతోంది. బాతుల్ని చూసి నవ్వుతున్నారని హాలంతా నమ్మింది. ఈలలు, చప్పట్లు. వెనక వరసలో ఎవరో, “ఎవర్రా ఈవిడ, ఎంత బాగా చేసింది!” అన్నారు. ఆ రోజు కెమెరా చూసింది నన్ను కాదు, నన్ను చూసి నవ్వుతున్న దాన్ని.

జ్యోతి అత్తగారు నా వైపు వంగి, మర్యాదగా, “వదినగారూ, మీరెక్కడున్నారండీ?” అని అడిగింది.

“పులి వెనకాల ఉన్నానండి” అన్నాను.

పక్కకి చూస్తే, తెరమీద నవ్వుతున్న ధనం కుర్చీలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. అది తననే చూసుకుంటోంది, నన్ను చూడలేదు. చందమామ అని మా అత్త ఊరికే అనలేదు. ఆ ముసల్దానికి కళ్ళు ఉన్నాయి.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళెవరో సగంలోనే ఆపేశారు. నన్ను అత్త కొట్టలేదు, బాతులు కొట్టాయి. తోడికోడలు నవ్వింది. ఆ నవ్వుకి తెనాలంతా ఈల వేసింది. అప్పుడు ఏడవాలో, ‘ఆ నవ్వు నేను పుట్టించిందే’ అని లేచి నిలబడి దణ్ణం పెట్టాలో సామెతలో లేదు.

అందుకని గంగమ్మ తల్లి సాక్షిగా ఇప్పుడు ఒట్టు పెడుతున్నాను. జ్యోతీ, జాగ్రత్తగా రాయి. ఒడిలో రొయ్యలతో షూటింగుకి పోను. ఆకుపచ్చ మనిషి కాలు తొక్కను. ధనాన్ని చూసి కుళ్ళుకోను... ఆగాగు, ఆ ఆఖరిది కొట్టెయ్. ‘కాస్త తగ్గించుకుంటాను’ అని రాయి. ఒట్టంటే నిలబెట్టుకునేలా ఉండాలి గదా.

రాశావా? ఇప్పుడు మొదట్నుంచి చదివి వినిపించు. ఇక్కడ కాదు, ఆ కిటికీ దగ్గరికి జరుగు. అవతల మీ అమ్మ అంట్లు తోముతోంది. చందమామ అన్న చోట కాస్త ఆగి చదువు. గిన్నెల చప్పుడు ఆగిందో లేదో నేను వింటాను. ఊఁ, గట్టిగా చదవవే.