ప్యానెళ్ల మీద ఆరేసిన వలలు

అది 2022 వానాకాలం. అత్వెల్లిలో రోడ్డు మీదే నా బ్యాటరీల దుకాణం. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ ఇంట్లో ఇన్వర్టర్ గుయ్యిమన్నా అది నా చేతి పనే. సరే, సగం ఇళ్లనుకోండి. సగం కూడా కాదు లెండి. మా వీధి, పక్క వీధి, చుట్టూ నాలుగైదు ఊళ్లు.

శామీర్‌పేట చెరువుకు అవతల ఒక పల్లెలో ఎల్లమ్మ, పోచయ్య అని మొగుడూ పెళ్లాలు చేపపిల్లలు పెంచేవారు. ఇంటి వెనక మూడు సిమెంటు తొట్లు. గోరంత పిల్లల్ని తెచ్చి వాటిలో వేసి, వేలంత అయ్యాక కుంటలో వదులుతారు. ఆ పిల్లలు బతికితేనే వచ్చే ఏడు వాళ్లకు వేట. తొట్లలో ఎయిరేటర్ ఆడుతూనే ఉండాలి. ఎయిరేటర్ అంటే నీళ్లలోకి గాలి ఊదే చిన్న మోటారు. అది ఆగితే కాసేపటికే పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ పల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే రేకుల మీద రెండు సోలార్ ప్యానెళ్లు, కింద ఒక బ్యాటరీ నాతో పెట్టించుకున్నారు.

పని ముగిసేసరికి పొద్దు వాలుతోంది. ప్యానెళ్ల నీలంలో ఒక మబ్బు మెల్లగా ఈదుతోంది. తొట్లలో బుడగలు అన్నం ఉడుకుతున్నట్టు పైకొస్తున్నాయి. అలాంటి వేళ నా నోరు నా మాట వినదు.

"కరెంటు వోతే ఎన్ని గంటలొస్తది కాకా?" అంది ఎల్లమ్మ.

"గంటల లెక్క ఎందుకు బిడ్డా. పగలూ రాత్రీ ఆడుతది. గీ ప్యానెల్ వెన్నెలకు గూడ చార్జ్ అయితది."

పోచయ్య నవ్వాడు. ఎల్లమ్మ నవ్వలేదు. బుద్ధిగా తలూపింది. బిల్లు తగ్గించి మెప్పు పొందాలని నేను గ్రిడ్ చార్జింగ్ కూడా ఆఫ్ చేసి వచ్చాను. అంటే బ్యాటరీ లైన్ కరెంటు తీసుకోదు, ఎండతోనే నిండాలి.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి వెలిసింది. ఎల్లమ్మ ఫోన్ చేసింది. "కాకా, చెట్టు వడి లైన్ తెగింది. గంట గూడ కాలే, నీ బ్యాటరీ కుయ్ కుయ్ అని ఆగిపోయింది. పిల్లలు పైకొస్తున్నయ్. జల్దీ రా."

స్కూటర్ మీద వెళ్లి ముందు రేకుల వైపు చూశాను. రెండు ప్యానెళ్ల నిండా వలలు. తడిసిన సన్నటి నైలాన్ వలలు, మడత మీద మడత, కొండ మీద దిగిన పొగమంచులా ఉన్నాయి. చెప్పొద్దూ, నిలబడి చూడాలనిపించింది.

"ఇవేంది బిడ్డా?"

"పలకలు మస్తు వేడి గద, వలలు పొద్దుగాల ఆరేస్తే పగటీలికి ఆరుతున్నయ్. నెల సంది గక్కడ్నే ఏస్తున్న."

"వాటి మీద నీడ వడితే చార్జ్ గాదు గద."

"వెన్నెలకే అయితదంటివి. వల సందుల్లకెల్లి గంత ఎండ వోతలేదా?"

వలలు లాగేశాను. కానీ ఆకాశం నిండా మబ్బు, ప్యానెళ్లు చేసేదేమీ లేదు. పోచయ్య అప్పటికే మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ముంతతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తున్నాడు. నీళ్లు అలా పడితే కొంత గాలి కలుస్తుంది. ఎల్లమ్మ ఒక తొట్టిలో, నేను ఒక తొట్టిలో దిగాం.

ఈ కథ టీ బండి దగ్గర చెప్పినప్పుడు నా స్కూటర్ బ్యాటరీ ఊడబీకి మూడు తొట్లూ ఆడించానంటాను. అదంతా కోతే. ముంత పట్టుకుని నిలబడ్డాను, అంతే. ముంచడం, పోయడం. కొంతసేపటికి చేతులు నావి కాకుండా పోయాయి. పడే నీటి చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. నీళ్లు తెల్లగా విరిగిన చోటికల్లా పిల్లలు గుంపుగా వచ్చి, నా పిక్కల్ని ముద్దాడి పోతున్నాయి.

"ఎల్లమ్మా, వెన్నెలకు చార్జ్ గాదు. ఊకె అన్న," అన్నాను.

ఆమె ముంత ఆపలేదు. "మరి నిజంగ ఎన్ని గంటలు?"

"నిండుగుంటె ఏడు. ముసురు వడితే నాలుగు."

"గా మాట ఆనాడే జెప్తే ఇంకో బ్యాటరీ పెట్టుమందును గద కాకా."

కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

పొద్దుగూకే వేళకు కరెంటు వచ్చింది. రెండు తొట్లు దక్కాయి. నేను దిగిన తొట్టిలో సగానికి పైగా పోయాయి. ఎల్లమ్మ జల్లెడతో వాటిని తీసి బీరపాదు మొదట్లో పోసింది. నేను గ్రిడ్ చార్జింగ్ ఆన్ చేసి వచ్చేశాను.

కొన్నాళ్లకు వాళ్లు రెండో బ్యాటరీ పెట్టించుకున్నారు. నా దగ్గర కాదు, దూలపల్లిలో ఎవరి దగ్గరో. ఆ సంగతి నాకు చెప్పింది ఎల్లమ్మే, ఫోన్ చేసి.

"కాకా, గీయన పది గంటలొస్తదంటున్నడు. నిజమేనా?"

ఈ పనిలో నాకు దక్కిన పెద్ద మెప్పు అదే. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. ఆ కొత్త బ్యాటరీ ఏదో, మోటారు ఎంతదో అడిగి, కాగితం మీద లెక్క వేశాను. ఏడు వచ్చింది. వానాకాలం కదా అని ఒకటి తీసేశాను.

"ఆరనుకో బిడ్డా," అన్నాను.

"సరే. ఆరే అనుకుంట," అంది.