సారు నాకిచ్చిపోయిన పగ

విశాఖపట్నం నుంచి విమానం నడుపుకుంటూ వచ్చి శంషాబాద్‌లో దిగాం. ప్రయాణికులంతా వెళ్ళిపోయాక ఫోను తెరిస్తే సారు భార్య, మా ఆంటీ దగ్గర్నుంచి వరుసగా కాల్స్ వచ్చి ఉన్నాయి. వెంటనే చేశాను. "పోయిండు బిడ్డా. చాయ్ అడిగిండు. పెట్టి తెచ్చేసరికి కుర్చీలనే పోయిండు" అన్నది. గొంతులో ఏడుపు లేదు. ఆ తర్వాత ఆమె అడిగింది: "వాడు గూడ వస్తడు గదా. వస్తే ఏం జేద్దాం?"

మా కెప్టెన్ సారు గురించి రాయాలంటే ఆ 'వాడు' ఎవరో చెప్పక తప్పదు. పోయినవారి గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. సారు మంచివారే. కానీ ఆయన మంచితనం ఒక్కటే రాసి ఊరుకుంటే, ఆయన్ని పడగొట్టినవాళ్ళు కూడా దీన్ని చదివి హాయిగా నిట్టూరుస్తారు. వాళ్ళు హాయిగా ఉండటం నాకు ఇష్టం లేదు.

సారుది సంగారెడ్డి. తండ్రి చర్చి బడిలో ఉపాధ్యాయుడు. ఆ ఇంట్లోంచి వచ్చి పైలట్ అయ్యారు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ దేశాలకు పెద్ద విమానాలు నడిపారు. తిరుగు ప్రయాణంలో సీట్ల నిండా మన కూలీలే ఉండేవారు. రూలు ప్రకారం ఇంగ్లీషులో, హిందీలో చెప్పాల్సిందంతా చెప్పేశాక, సారు మైకులో తెలుగు మొదలుపెట్టేవారట. "అన్నలూ, ఇగ జెరసేపట్ల దిగుతున్నం. ఇంటికాడ మనోళ్ళు ఎదురుచూస్తున్నరు. ఎవ్వరు లేవకుండ్రి, పదిలంగ దించుత." విమానం మొత్తం చప్పట్లు కొట్టేదట. దాని మీద పైఅధికారులు సంజాయిషీ అడిగితే, "వాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పుడే గదా నా పని" అన్నారట.

తర్వాత కంపెనీ ఒక విదేశీ విమాన సంస్థతో చేతులు కలిపింది. గల్ఫ్‌కు పోయే మన జనమంతా వాళ్ళ విమానాల్లోకి వెళ్ళిపోయారు. మన పైలట్లకు చుట్టుపక్కల ఊళ్ళ చిన్న రూట్లు మిగిలాయి. అవి నడపడానికి కూడా బయటి దేశాల కెప్టెన్లను ఎక్కువ జీతాలిచ్చి కాంట్రాక్టు మీద తెచ్చారు. కెప్టెన్ కూర్చునేది ఎడమ సీట్లో. కుడి సీటులోని కో-పైలట్లు ఆ ఎడమ సీటు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ ఉండిపోయారు.

అప్పుడు సారు పైలట్ల యూనియన్ కార్యదర్శి. అందరం కలిసి నిలబడదాం అన్నారు. సరే అన్నారు అందరూ. కంపెనీ ఒక హోటల్లో గది తీసుకుని, పైలట్లను ఒక్కొక్కరినే పిలిచింది. యూనియన్ వదిలేస్తున్నామని, కొత్త కాంట్రాక్టుకు ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉద్యోగం ఉండదు. సారు పొద్దున్నే వెళ్ళి ఆ హోటల్ లాబీలో, లిఫ్టుకు ఎదురుగా కూర్చున్నారు. గదిలోంచి దిగి వచ్చిన ప్రతివాడినీ పేరు పెట్టి పలకరించారు. తల ఎత్తినవాడు ఒక్కడూ లేడు.

అందరికంటే ముందు సంతకం పెట్టినవాడు సారు శిష్యుడు. ల్యాండింగ్ భయంతో చేతులు వణికే రోజుల నుంచి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించిన కుర్రాడు. యూనియన్‌లో సారు తర్వాతి స్థానం వాడిదే. ఆదివారం చర్చి అయిపోగానే సారు వాళ్ళింట్లోనే అన్నం తినేవాడు. ఆ రోజు లాబీలో సారును చూసి వంటవాళ్ళు వెళ్ళే వెనక తలుపులోంచి బయటపడ్డాడు. ఇదంతా నాకు ఆంటీ చెప్పింది. "పొద్దున్నే వానికి గూడ టిఫిన్ కట్టిన. ఇద్దరు ఆకలితోని కూసుంటరని. రెండు డబ్బలు ఇంటికి అట్లనే వాపస్ వచ్చినయి" అన్నది.

శిష్యుడికి పెద్ద పదవి వచ్చింది. సంతకం పెట్టని సారును తీసేయడానికి సాకు వెతికారు. ఉరుములు మెరుపుల్లో దిగకుండా సారు విమానాన్ని నాగపూర్‌కు మళ్ళిస్తే, ఇంధనం దుబారా చేశారని ఉద్యోగం తీసేశారు. తీసేసినట్టు సంతకం చేసింది ఆ శిష్యుడే. ఇంకే కంపెనీ ఆయన్ని పిలవలేదు. యూనియన్ మనిషి అన్న మాట అన్ని ఆఫీసులకూ ఆయనకంటే ముందే చేరిపోయేది.

నాకు సారు పరిచయమైంది ఆ తర్వాతే. పటాన్‌చెరులో ఒక హార్డ్‌వేర్ షాపు మీది గదిలో, పైలట్ పరీక్షలు రాసేవాళ్ళకు పాఠాలు చెప్పేవారు. మా నాన్న బొంతపల్లి మందుల ఫ్యాక్టరీలో కార్మికుడు. నా చదువు కోసం ఊళ్ళో ఉన్న భూమి అమ్మేశాడు. మొదటి రోజు సారు కిటికీలు బార్లా తెరిచి, "ముక్కుతోని చెప్పుండ్రి, గాలి ఎటుకెల్లి వస్తున్నది?" అన్నారు. ఘాటైన మందుల వాసన. "బొంతపల్లి దిక్కుకెల్లి సార్" అన్నాను. నాన్న చొక్కాలో రోజూ ఉండే వాసనే అది. "శభాష్. ఉత్తరపు గాలి. గాలికి అది యాడికెల్లి వచ్చిందో ఆ దిక్కు పేరే పెడతరు. పోయే దిక్కు పేరు పెట్టరు. మనిషి గూడ గిది యాదుంచుకోవాలె" అన్నారు.

ఉద్యోగం పోయినా రోజూ బూట్లకు పాలిష్ చేసుకునే వచ్చేవారు. పిల్లలు తప్పు లెక్క చేస్తే కోపం రాదు. తప్పు దాచిపెడితే మాత్రం ఆ రోజంతా వాళ్ళతో మాట్లాడేవారు కాదు. "భయపడుడు తప్పు కాదు బిడ్డా. ఒక్కొక్కడు ఒక్కో గదిలో తలుపేసుకొని భయపడ్డరు సూడు, అదే మమ్మల్ని ముంచింది" అని ఒకసారి అన్నారు. అంతకుమించి ఆ హోటల్ సంగతి క్లాసులో ఎత్తలేదు.

నాకు లైసెన్సు వచ్చినప్పుడు అదే కంపెనీలో ఖాళీలు పడ్డాయి. అక్కడ చేరనన్నాను. సారు నన్ను వెలిమెలలో తమ ఇంటికి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టారు.

"అక్కడ్నే చేరు."

"మిమ్మల్ని గట్ల చేసినోళ్ళ దగ్గర్నా సార్?"

"గందుకే. బయట నిలబడి రాయి ఏస్తే అద్దం పగులుతది, గంతే. లోపలికి పో. నీ పనిల వేలు పెట్టి సూపిచ్చెటందుకు ఒక్క తప్పు దొరకొద్దు. మంచిగ నడుపు. అందరితోని మాట్లాడు. వాళ్ళు మళ్ళ గదులు తీసుకుంటరు. ఆ రోజు కోసం చూస్తుండు."

ఆయన మొహంలో అంత కసి ఎన్నడూ చూడలేదు. ఆ మాటకు నాకు భయం వేయలేదు. ఒళ్ళంతా వెచ్చబడింది. వెళ్ళి అదే కంపెనీలో చేరాను.

ఆ రోజు ఈ ఏడే వచ్చింది. కంపెనీ ఈసారి విదేశీ విమానాలనే కిరాయికి తెచ్చింది, పైలట్లతో సహా. ఇల్లు కిరాయికి తీసుకుంటే వంటమనిషితో సహా వచ్చినట్టు. మా కో-పైలట్లకు పని గంటలూ వాటితోపాటు జీతమూ తగ్గించి, దానికి ఒప్పుకుంటూ సంతకాలు పెట్టమన్నారు. మళ్ళీ ఒక హోటల్, మళ్ళీ ఒక్కొక్కరినే పిలుపు. అయితే అప్పటికి చాలా కాలంగా నేను అందరితో మాట్లాడుతున్నాను. క్యాంటీన్‌లో, కంపెనీ వ్యాన్‌లో, పెళ్ళిళ్ళలో కూడా. పైకి మొదటి పేరు పిలిచారు. లాబీలో ఉన్న మేమందరం లేచాం. అందరం ఆ గదిలోకి వెళ్ళాం. పట్టనివాళ్ళు వరండాలో నిలబడ్డారు. తలుపు మూయడానికి వీల్లేకపోయింది.

బల్ల వెనక సారు శిష్యుడు, పక్కన ఒక విదేశీ అధికారి.

"ఒక్కొక్కరే రావాలె. చెప్పిన గదా?" అన్నాడు శిష్యుడు.

"మా అందరిది ఒకటే ప్రశ్న సార్. ఒక్కసారే చెప్పుండ్రి, మీకు గూడ తకలీఫ్ తప్పుతది" అన్నాను.

విదేశీ అధికారి శిష్యుడి వైపు తిరిగి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు. శిష్యుడు పాలిపోయిన మొహంతో బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఎవ్వరమూ సంతకం పెట్టలేదు. విదేశీ అధికారి ల్యాప్‌టాప్ మూసి లేచి వెళ్ళిపోయాడు. మా పాత కాంట్రాక్టులు అలాగే ఉన్నాయి. యూనియన్ మళ్ళీ మొదలుపెట్టాం. కొన్నాళ్ళకు శిష్యుణ్ణి తీసేసి, ఆ కుర్చీలో ఒక విదేశీయుణ్ణి కూర్చోబెట్టారు.

హోటల్ నుంచి నేరుగా వెలిమెలకు వెళ్ళాను. సారు గుండె జబ్బుతో ఆ రోజుల్లో ఎక్కువగా మంచం మీదే ఉండేవారు. చెప్పడం మొదలుపెట్టగానే దిండు ఆనుకుని లేచి కూర్చున్నారు.

"వాని మొహం ఎట్లయింది?"

చెప్పాను.

"మళ్ళ చెప్పు. విదేశపోడు అడిగినప్పుడు ఎట్ల పెట్టిండు మొహం?"

మళ్ళీ చెప్పాను. వంటింట్లోంచి ఆంటీ కేకేసింది: "ఎన్నిసార్లు చెప్పిస్తరు? పిల్ల గొంతు పోతది."

"నువ్వు గూడ వచ్చి కూసో. నీగ్గూడ ఉన్నది గదా కడుపుమంట" అన్నారు సారు. ఆంటీ పొయ్యి కట్టేసి వచ్చి, మంచం అంచున కూర్చుంది. ముచ్చటగా మూడోసారి చెప్పాను. సారు కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు తల ఊపుతూ విన్నారు. నేను ఆయనకు చేసిన సేవ ఏదైనా ఉంటే అదొక్కటే.

సంగారెడ్డి చర్చి స్మశానంలో సమాధి. పిల్లలు లేరు కాబట్టి పెట్టె మోయడానికి శిష్యులమే నిలబడ్డాం. అప్పుడు వచ్చాడు వాడు. తెల్ల చొక్కా, చేతిలో పెద్ద పూలచక్రం. దాని మీద అడ్డంగా ఎర్ర రిబ్బను, 'మీ ప్రియ శిష్యుడు' అని బంగారు రంగు అక్షరాలు. చక్రం గోడకు ఆనించి, నా ముందున్న అబ్బాయిని పక్కకు జరిపి, పెట్టె కిందికి వంగబోయాడు.

"ఆ భుజం వద్దు" అన్నది ఆంటీ.

అందరూ ఆగిపోయారు. పాస్టర్‌గారు దగ్గరికొచ్చి, "అమ్మా, ఈ సమయంలో క్షమించాలె" అన్నారు మెల్లగా.

"క్షమించేది ప్రభువు పని అయ్యగారూ, ఆయన చేసుకుంటడు. నా పెనిమిటిని ఎవలు మొయ్యాల్నో నేను చెప్త."

వాడు వెనక్కి జరిగాడు. ఆ చోటు నేను తీసుకున్నాను.

మట్టి వేయడం అయ్యాక గేటు దగ్గర నన్ను ఆపాడు. "నా కొడుకు లైసెన్సు తీస్కొని రెండేండ్ల సంది ఇంట్లనే ఉన్నడమ్మా. అన్ని బయటోళ్ళకే ఇస్తున్నరు. మీ యూనియన్ల చెప్పి జెర ఏమన్న చూస్తవా?" అన్నాడు. గడ్డం కింద చర్మం వణుకుతోంది. ఆ వణుకును కావాలని చూస్తూ నిలబడ్డాను.

"మీ బాబును పంపుండ్రి. పేరు రాసుకుంట. మీరు మాత్రం రావొద్దు" అన్నాను.

జాలి కలగలేదా అని నా స్నేహితురాలు అడిగింది. కలగలేదు. విదేశీ విమానాలు ఇప్పటికీ మన ఆకాశంలోనే తిరుగుతున్నాయి. సంజాయిషీ అడుగుతూ కంపెనీ నుంచి నాకు ఒక నోటీసు కూడా వచ్చింది. నా తర్వాతివాళ్ళకు ఎడమ సీటు దొరుకుతుందో లేదో నాకు తెలియదు. దొరకనివ్వనివాళ్ళ పేర్లు మాత్రం నాకు తెలుసు.

జనం వెళ్ళిపోయాక ఆంటీని కారెక్కించి, ఒక్కసారి వెనక్కి చూశాను. స్మశానం కాపలా మనిషి పెంచే మేక ఒకటి గోడ దగ్గరికి చేరి, పూలచక్రంలోని బంతిపూలను ఒక్కొక్కటే లాగి తింటోంది. పూలయ్యాక ఎర్ర రిబ్బను అందుకుంది. బంగారు అక్షరాలు ఒక్కొక్కటే దాని నోట్లోకి పోతున్నాయి. కాపలా మనిషి కర్ర ఎత్తి అదిలించబోయాడు. ఆంటీ కారు అద్దం దించి అన్నది, "తిననియ్యి."