ఓపెన్ అంటే కబ్జా కాదు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నేను నల్లగొండలోని ఒక విశ్వవిద్యాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా చేరాను. లైబ్రేరియన్‌కు కింద, అసిస్టెంట్లకు పైన ఉండే హోదా. ఎవరికీ పట్టని పనులన్నీ ఆ కుర్చీకే వస్తాయి. పరిశోధకుల సిద్ధాంత గ్రంథాలను ఇంటర్నెట్‌లో పెట్టే పని కూడా అలా వచ్చిందే. దానికి రచయిత ముందుగా ఓపెన్ లైసెన్సు మీద సంతకం చేయాలి. కాపీరైటు రచయితదే. రచయిత పేరు చెప్పి ఎవరైనా ఆ గ్రంథాన్ని అచ్చు వేసుకోవచ్చు, పంచుకోవచ్చు.

అందరూ సంతకం చేశారు, చౌటుప్పల్ యాదయ్య తప్ప. ఊరూరా తిరిగి, ఏ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువో పటం మీద రంగులతో గుర్తించిన మనిషి. లెక్చరర్ ఉద్యోగానికి చూపించుకోవడానికి అతనికున్నది ఆ పరిశోధన ఒక్కటే. రెండుమూడు సార్లు కబురు పెడితే వచ్చాడు.

"ఓపెన్ అంటే నాకు తెల్వదా మేడం? మా బాపు హైవే పక్కన ఓపెన్ ప్లాటు కొన్నడు. గోడ కట్టలే. పోయి చూసేసరికి ఎవడో రేకుల షెడ్డు ఏసిండు. గిది గూడ గట్లనే కబ్జా పెడ్తరు."

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కూర్చోబెట్టి ప్లాటు భాషలోనే చెప్పాను. పట్టా అతని పేరు మీదే ఉంటుంది, నడవడానికి దారి మాత్రమే ఇస్తున్నాడు; ఎవరైనా పేరు ఎగ్గొడితే అడిగే హక్కు ఉంటుంది. అడిగితే వింటారా అన్నాడు. వినకపోతే నేనే అడుగుతానన్నాను. సణుక్కుంటూనే సంతకం పెట్టాడు.

ఎండాకాలంలో మళ్లీ వచ్చాడు, వగరుస్తూ. ఒక స్వచ్ఛంద సంస్థ అతని పటాన్ని పెద్ద ఫ్లెక్సీగా వేయించి పంచాయతీ ఆఫీసుకు కట్టింది. పేరు లేదు.

"చెప్పిన గద మేడం. షెడ్డు ఏసిండ్రు."

నాకు ఒళ్లు మండింది. లైసెన్సులోని షరతు చూపిస్తూ ఆ సంస్థకు అప్పటికప్పుడే ఉత్తరం రాశాను. ఓపెన్ అంటే పేరు అక్కర్లేదనుకున్నారట వాళ్లు! తప్పు ఒప్పుకుని, యాదయ్య పేరుతో కొత్త ఫ్లెక్సీ కట్టారు.

తర్వాత అతను ఫోటో చూపించాడు. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు పటంలో తమ బోరు వెతుక్కుంటున్నారు. పక్కన యాదయ్య వాళ్ల బాపు. చదువురాని ఆయన కొడుకు పేరు ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు పెట్టి, "ఇంతమంది తొక్కినా గీ జాగ మనదే ఉన్నదిరా" అన్నాడట.

షరతు కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని పట్టుకుని అడిగేవాళ్లు ఉండాలి. రిటైరయ్యేదాకా అలాంటి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. పరిశోధకుల దగ్గర మాత్రం ఓపెన్ అనే మాట మళ్లీ ఎత్తలేదు. పేరు మీది, వాడకం అందరిది అనేదాన్ని. సంతకాలకు ఎవరినీ రెండోసారి పిలవాల్సిన పని పడలేదు.