పండుగ దాటేదాకా అనకూడని మాట

జుల్మీరా ఇంట్లో దేవుడి గూడు ఖాళీగా ఉంది. పునీత జోజప్ప బొమ్మను ఎవరో ఎత్తుకెళ్లారు. సెర్తావ్ మెట్ట పల్లెల్లో వానలు పట్టని ఏడాది ఇలాంటి దొంగతనం తప్పు కాదు. వాన పడ్డాక దొంగే పాటలు పాడుతూ ఊరేగింపుగా తెచ్చి అప్పగిస్తాడు. అప్పటిదాకా పోగొట్టుకున్నవాళ్లు ఆరా తీయకూడదు. తీస్తే వాన రాదంటారు.

జుల్మీరా నోరు మూసుకుంది గానీ కళ్లు మూసుకోలేదు. ఆ బొమ్మ చనిపోయిన నాన్న చెక్కింది. పాత చెక్క బొమ్మలు కొనే వ్యాపారి ఒకడు జీపులో ఊళ్లు తిరుగుతున్నాడు. వాన కోసం తీసుకెళ్లిన బొమ్మ తిరిగొస్తుంది, జీపెక్కిన బొమ్మ రాదు. అందుకే ఎవరింటికి వెళ్లినా ఆమె చూపు ముందు మూలలకే పోయేది. కాఫీలో ఎవరైనా బెల్లం కాస్త ఎక్కువేస్తే, ఇంత మర్యాద దేనికా అనుకునేది.

పొరుగింటి కితేరియా మీద అనుమానం మరీ ఎక్కువ. బొమ్మ పోయిన రోజు నిప్పు కోసం వచ్చింది ఆమె ఒక్కతే.

ఆ ఉదయం కితేరియా మేకలకు వేయడానికి బ్రహ్మజెముడు మట్టలకున్న ముళ్లు కాలుస్తోంది.

"ఎండలు ముదిరాయి వదినా," అంది జుల్మీరా, కంచె మీదుగా తొంగి చూస్తూ.

"ఎండలేంటి, సెకా వచ్చేసింది! పొద్దున్నే చూడి మేక చచ్చింది."

సెకా అంటే కరువే. అయితే మార్చిలో జోజప్ప పండుగలోగా వాన పడుతుందని అందరి ఆశ; అది దాటేదాకా ఎంత ఎండినా 'ఎండలు' అనే అంటారు, ఆ మాట నోట రానివ్వరు. పండుగ ఇంకా రాలేదు. జోజప్పను దాచుకుని వానకు మొక్కే మనిషి ఆ మాట అంటుందా? అంటే అమ్మేసిందన్నమాట!

"ఆ జీపువాడికేనా మా జోజప్పని అమ్మింది?"

కితేరియా చేతిలోని కట్టె విసిరికొట్టి లోపలికి వెళ్లింది. కర్రపెండలం పిండి డబ్బాలోంచి బొమ్మను తీసి తెచ్చింది. జోజప్ప గడ్డమంతా పిండే.

"తీసుకుపో. దొంగా అన్నా ఊరుకునేదాన్ని, అమ్ముకున్నానంటావా? మేక పోయిన కడుపుమంటలో నోరు జారాను."

జుల్మీరా చెయ్యి చాచింది. వాన లేకుండా, పాట లేకుండా బొమ్మను తీసుకుంటే ఊరి ఆశ కూడా ఇంట్లోకి తెచ్చి మూసేసినట్టే. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వా మాట అనలేదు, నేనిది అడగలేదు. పండగ దాకా నీ దగ్గరే ఉంచు."

"నమ్మకం కుదిరిందా?"

"కుదర్లేదు. రోజూ సాయంత్రం వచ్చి చూసుకుంటా."

"రా, రా, అనుమానప్పక్షీ! గరిట కూడా తెచ్చుకో, పిండి తోడి చూద్దువుగాని."

ఆ సాయంత్రమే వెళ్లింది. జోజప్ప నడుము దాకా పిండిలో ఉన్నాడు. అయినా పైకి తీసి, అడుగున నాన్న ఉలి గుర్తు ఉందో లేదో వేలితో తడిమి చూసుకుంది.